పడవేతలోని బాధ్యత: ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో సుప్లెక్స్ పట్లు

ప్రొఫెషనల్ రెజ్లింగ్ అనగానే ముందే నిర్ణయమైన గెలుపోటములు, రంగురంగుల దుస్తులు, మైకు ముందు విసిరే సవాళ్లు గుర్తుకు వస్తాయి కాబట్టి, దానిని వట్టి నాటకమని తోసిపుచ్చేవారు చాలామందే ఉన్నారు. ఎవరు గెలవాలన్నది నిర్వాహకులు ముందుగా నిర్ణయిస్తారన్న మాట వాస్తవమే. అయితే నూరు కిలోల మనిషిని మరొక మనిషి తన తల మీదుగా ఎత్తి వెనక్కు పడవేసినప్పుడు ఆ పడడం నటన కాదు. ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి జారిన శరీరం కిందికి చేరేసరికి సెకనుకు 5 మీటర్లకు మించిన వేగాన్ని అందుకుంటుంది, ఆ వేగాన్ని ఎముకలూ కండరాలూ నిజంగానే భరించవలసి వస్తుంది. ఫలితం కల్పితమై, దెబ్బ వాస్తవమైన ఈ చోటనే పడవేసే పట్ల విద్య ప్రత్యేకమైన రూపం దాల్చింది. ఆ పట్లు ఎన్ని విధాలు, అవి ఎక్కడ పుట్టి ఎలా మారాయి, వాటిలో ప్రమాదం ఎక్కడ ఉన్నది, ఆ ప్రమాదాన్ని ఎవరు మోస్తారు అన్న విషయాలను వివరించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా రింగు నిర్మాణాన్ని తెలుసుకోవడం అవసరం. తెరమీద మెత్తని పరుపులా కనిపించే రింగు నిజానికి ఉక్కు చట్రం మీద చెక్క పలకలు పరచి, వాటి మీద పలుచని ఫోమ్ పొర వేసి, ఆపైన కాన్వాసు గుడ్డను బిగించి కట్టిన వేదిక. చట్రానికీ పలకలకూ ఉండే కొద్దిపాటి సాగుదల దెబ్బలో కొంత భాగాన్ని పీల్చుకుంటుంది, మిగిలినదంతా పడినవాడి శరీరానికి చేరుతుంది. అందుకే శిక్షణ శాలలలో కొత్తవారికి మొదట నేర్పేది ఎత్తడం కాదు, పడడం. ఈ పడడాన్ని రెజ్లింగ్ పరిభాషలో బంప్ అంటారు. గడ్డాన్ని రొమ్ముకు ఆనించి తల వెనుకభాగం నేలకు తగలకుండా కాపాడుకోవడం, వీపు పైభాగం మొత్తం ఒకేసారి నేలను తాకేటట్లు చూసుకోవడం, అరచేతులతో నేలను బలంగా చరచడం, ఆ క్షణంలో ఊపిరిని బయటికి వదలడం దీనిలోని ప్రధాన సూత్రాలు. దెబ్బ ఎంత విశాలమైన భాగం మీద పరచుకుంటే ఏ ఒక్క ఎముక మీదా అంత తక్కువ భారం పడుతుందన్న సాధారణ సత్యమే వీటన్నిటికీ ఆధారం. జూడోలో ఉకెమి పేరుతో నేర్పే విద్య కూడా ఇదే సూత్రం మీద నిలిచింది.

పడవేసే పట్లు వందల సంఖ్యలో ఉన్నట్లు కనిపించినా, మూడు ప్రశ్నలు వేసుకుంటే వాటిని తేలికగా వర్గీకరించవచ్చు. పట్టు ఎక్కడ పడింది, శరీరం ఏ దిక్కుకు తిరిగింది, నేలను ముందుగా ఏ అవయవం తాకింది అన్నవే ఆ మూడు ప్రశ్నలు. పట్టు మెడ మీద పడవచ్చు, నడుముకు పడవచ్చు, చేతులకు పడవచ్చు. శరీరం ముందుకో, వెనక్కో, పక్కకో తిరగవచ్చు. నేలను తాకేది వీపు కావచ్చు, భుజాలు కావచ్చు, అత్యంత ప్రమాదకరమైన సందర్భాలలో మెడ కావచ్చు. మొదటి రెండు ప్రశ్నలకు వచ్చే సమాధానాలు ఆ పట్టు పేరును నిర్ణయిస్తే, మూడవ ప్రశ్నకు వచ్చే సమాధానం పడినవాడి భవిష్యత్తును నిర్ణయిస్తుంది.

ఈ వర్గీకరణలో అన్నిటికంటే సరళమైనవి ఆర్మ్ డ్రాగ్, హిప్ టాస్, బాడీ స్లామ్. ప్రత్యర్థి మోచేతి పైభాగాన్ని తన చేతితో మెలివేసి, తాను వెనక్కు వాలుతూ అతనిని తన మీదుగా దొర్లించడం ఆర్మ్ డ్రాగ్. మెక్సికోలో లూచా లిబ్రే పేరుతో ప్రసిద్ధమైన రెజ్లింగ్ ఈ పట్టును మెరుపువేగంతో అనేక రూపాలలో ప్రయోగిస్తుంది. చంక కింద చేయి దూర్చి, నడుమును ఆనుగా చేసి ప్రత్యర్థిని ముందుకు దొర్లించడం హిప్ టాస్. ఒక చేతిని ప్రత్యర్థి తొడల మధ్య నుంచి, రెండవ చేతిని భుజం మీదుగా పోనిచ్చి, అతనిని అడ్డంగా ఎత్తి వీపు మీద కుదేయడం బాడీ స్లామ్. మూడింటిలోనూ పడేవాడి వీపే నేలను తాకుతుంది, అతని ఒక చేయి అయినా నేలను చరచడానికి వీలుగా విడిగా ఉంటుంది.

బాడీ స్లామ్ ఎంత సరళమైనదో, ఇద్దరి సహకారం మీద అంతగా ఆధారపడుతుంది. 1987 మార్చి 29న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పాంటియాక్ సిల్వర్‌డోమ్ స్టేడియంలో జరిగిన మూడవ రెజిల్‌మేనియాలో హల్క్ హోగన్ ఆండ్రే ది జెయంట్‌ను ఎత్తి కుదేయడం ఈ రంగ చరిత్రలో అందరికీ గుర్తున్న దృశ్యం. ఆండ్రే బరువును అప్పటి ప్రకటనలు 520 పౌండ్లుగా, అంటే దాదాపు 236 కిలోలుగా చెప్పాయి. అంతకు ముందు కూడా ఆయనను ఎత్తినవారు ఉన్నారు, హోగన్ స్వయంగా 1980లో ఒకసారి ఎత్తాడు. అయినా ఆ రాత్రి ఆ పట్టు ఒక అద్భుతంగా నిలిచిపోయింది. ప్రేక్షకులు హోగన్ బలాన్ని చూశారు. అయితే అంతకు కొంతకాలం ముందే వెన్నెముకకు శస్త్రచికిత్స చేయించుకుని, దుస్తుల లోపల నడుముకు ఊతపట్టీ కట్టుకుని రింగులోకి వచ్చిన ఆండ్రే, తన భారాన్ని సరైన క్షణంలో హోగన్ భుజానికి అప్పగించి, నొప్పికి సిద్ధపడి పడకపోయినట్లయితే ఆ పట్టు సాధ్యమయ్యేదే కాదు. ఎత్తినవాడికి వచ్చిన కీర్తిలో సగం పడినవాడిది.

ఇక ఈ విద్యకు గుండెకాయవంటిది సుప్లెక్స్. ప్రత్యర్థిని పట్టుకుని, తన నడుమును విల్లులా వెనక్కు వంచి, ఆ వంపు బలంతో అతనిని తన తల మీదుగా వెనక్కు పడవేయడం దీని సామాన్య స్వరూపం. దీని మూలం గ్రీకో రోమన్ కుస్తీలో ఉన్నది. ఆ పద్ధతిలో నడుము కింది భాగాన్ని పట్టుకోవడం గానీ, కాలితో మెలివేయడం గానీ నిషిద్ధం. అందుచేత ప్రత్యర్థిని కూల్చదలచినవాడు అతని మొండేన్ని కౌగిలించి, తన వెన్నును వంచి ఎత్తడం తప్ప వేరే మార్గం లేదు. నియమం విధించిన ఈ పరిమితి నుంచే సుప్లెక్స్ వంటి మహత్తరమైన పట్లు వికసించాయి. ఒలింపిక్ కుస్తీ నియమాలలో ప్రత్యర్థిని నిలువునా ఎత్తి, పెద్ద వలయంలో తిప్పి, వీపు నేలకు తిరిగేటట్లు పడవేసినవాడికి ఒకే పట్టుకు 5 పాయింట్లు ఇస్తారు. అంతకు మించి పాయింట్లు తెచ్చే పట్టు మరొకటి లేదు.

1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో వరుసగా మూడు బంగారు పతకాలు గెలిచిన రష్యా మల్లయోధుడు అలెగ్జాండర్ కరెలిన్ పేరు ఈ సందర్భంలో చెప్పుకోవలసినది. నేలమీద బోర్లా అదుముకుని ఉన్న ప్రత్యర్థి నడుమును తలకిందుల దిశలో కౌగిలించి, అతనిని పూర్తిగా పైకి లేవనెత్తి, వెనక్కు తిప్పి పడవేయడం ఆయన ప్రత్యేకత. తేలిక బరువులవారు మాత్రమే చేయగలరనుకున్న ఆ పట్టును ఆయన 130 కిలోల తరగతిలో చేసి చూపించాడు. ఆ పట్టు కరెలిన్ లిఫ్ట్ పేరుతో ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకీ ప్రవేశించింది. కరెలిన్ కూడా 1999 ఫిబ్రవరిలో జపాన్‌కు వెళ్లి, ప్రొఫెషనల్ రెజ్లర్ అకీరా మయేదాతో ఆయన వీడ్కోలు పోటీలో తలపడ్డాడు. ఒలింపిక్ వేదికకూ, ప్రొఫెషనల్ రింగుకూ మధ్య గోడ ఉన్నట్లు కనిపించినా, పట్లు మాత్రం ఆ గోడను దాటుతూనే ఉన్నాయి.

సుప్లెక్స్ కుటుంబంలో మొదటి శాఖ మెడపట్టుతో మొదలవుతుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలిచి ఉండగా, ఒకడు రెండవవాడి తలను తన చంక కింద బిగించి, అతని చేతిని తన మెడ మీదుగా వేసుకుని, మరొక చేత్తో అతని నడుముదట్టీని గానీ లాగు అంచును గానీ పట్టుకుని నిలువునా పైకి లేపి, ఇద్దరూ కలిసి వెనక్కు పడిపోవడం వర్టికల్ సుప్లెక్స్. ఇందులో కాలమే వైవిధ్యానికి మూలం. ఎత్తీ ఎత్తకముందే విసురుగా పడవేస్తే అది స్నాప్ సుప్లెక్స్ అవుతుంది. ఇంగ్లండుకు చెందిన డైనమైట్ కిడ్ ఈ వేగానికి ప్రసిద్ధుడు. ఎత్తినవాడిని కాళ్లు పైకి, తల కిందికి ఉన్న స్థితిలో చాలాసేపు నిలబెట్టి, రక్తం ముఖంలోకి దిగేంతవరకూ ఆగి పడవేస్తే అది డిలేడ్ సుప్లెక్స్ అవుతుంది; డైనమైట్ కిడ్ జోడీదారు, బ్రిటిష్ బుల్‌డాగ్‌గా పేరొందిన డేవీ బాయ్ స్మిత్ దీనికి ప్రసిద్ధుడు. మొదటిదానిలో ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు, రెండవదానిలో ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తాడు. పట్టు ఒకటే, పడే చోటూ ఒకటే, అయినా కాలాన్ని కుదించడం వల్లా సాగదీయడం వల్లా రెండు వేర్వేరు భావాలు కలుగుతున్నాయి.

ఇదే మెడపట్టులో ప్రత్యర్థి కాలిని కూడా ఒక చేత్తో పైకి చుట్టి పట్టుకుంటే అది ఫిషర్‌మన్ సుప్లెక్స్. కర్ట్ హెన్నిగ్ దానిని పర్ఫెక్ట్‌ప్లెక్స్ అనే పేరుతో తన విజయముద్రగా చేసుకున్నాడు. రింగు మూలలో పై తాడు మీదికి ఎక్కి అక్కడి నుంచి ఇదే పట్టును ప్రయోగిస్తే అది సూపర్‌ప్లెక్స్. పడే ఎత్తు రెండింతలైతే నేలను తాకే శక్తి కూడా రెండింతలవుతుంది కాబట్టి ఇది ఇద్దరి శరీరాలకూ పరీక్షే, ఎందుకంటే పడవేసేవాడు కూడా అంతే ఎత్తు నుంచి వెన్ను మీద పడుతున్నాడు. 2003 జూన్ 12న ప్రసారమైన స్మాక్‌డౌన్ కార్యక్రమంలో బ్రాక్ లెస్నర్ మహాకాయుడైన బిగ్ షోను ఇలా పడవేసినప్పుడు రింగు నాలుగు మూలలూ కూలిపోయిన దృశ్యాన్ని ప్రేక్షకులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కూలడం ముందుగా ఏర్పాటు చేసినదే అయినా, ఆ ఎత్తు నుంచి ఆ బరువులు పడడం ఏర్పాటు వల్ల తేలికయ్యేది కాదు.

రెండవ శాఖ వెనుక నుంచి పట్టే నడుంపట్టు. ప్రత్యర్థి వెనుక నిలిచి, రెండు చేతులతో అతని నడుమును చుట్టి వేళ్లు బిగించి, తన తుంటిని అతని తుంటికంటే కిందికి దించి, కాళ్ల బలంతో పైకి లేపి, వెన్నును వంచి అతనిని తల మీదుగా వెనక్కు తెచ్చే ఈ పట్టును జర్మన్ సుప్లెక్స్ అంటారు. పడవేసినవాడు పట్టు విడవకుండా, తన అరికాళ్లూ తలా మాత్రమే నేలకు ఆనేటట్లు వంతెనలా వంగి నిలిస్తే, కింద పడినవాడి రెండు భుజాలూ నేలకు అదిమి ఉంటాయి, రిఫరీ మూడు లెక్కపెట్టడంతో పోటీ ముగుస్తుంది. ఒకే కదలికలో ఎత్తడం, పడవేయడం, చిత్తు చేయడం మూడూ ఇమిడి ఉన్నందున దీనిని ఈ విద్యలో పరిపూర్ణమైన పట్టుగా చాలామంది భావిస్తారు.

ఈ పట్టుకు ప్రతిష్ఠ తెచ్చినవాడు కార్ల్ గోచ్. ఆయన అసలు పేరు చార్లెస్ ఇస్తాజ్. 1924లో బెల్జియంలోని ఆంట్వెర్ప్ నగరంలో పుట్టి, 1948 లండన్ ఒలింపిక్స్‌లో బెల్జియం తరఫున కుస్తీ పట్టాడు. ఆ తరవాత ఇంగ్లండులో బొగ్గుగనుల పట్టణమైన విగాన్‌కు వెళ్లి, బిల్లీ రైలీ నడిపిన వ్యాయామశాలలో క్యాచ్ యాజ్ క్యాచ్ క్యాన్ అనే పద్ధతిని అభ్యసించాడు; పట్టు ఎక్కడ దొరికితే అక్కడ పట్టడానికి అనుమతించే ఆ పద్ధతి కఠినత్వానికి పేరు పొందినది. అమెరికాలో ప్రచార ఆర్భాటానికి ఇమడని ఆయన నిష్ఠను జపాన్ మాత్రం నెత్తిన పెట్టుకున్నది. 1972లో న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్ సంస్థను స్థాపించిన ఆంటోనియో ఇనోకీకీ, ఆ సంస్థలో ఎదిగిన యువకులకూ ఆయన గురువయ్యాడు. రెజ్లింగ్ దేవుడన్న బిరుదుతో అక్కడివారు ఆయనను గౌరవించారు. రాళ్లు, గదలు, తాళ్లు, సొంత శరీరపు బరువు తప్ప యంత్రాల అవసరం లేని ఆయన సాధన క్రమంలో మెడను, వెన్నును బలపరిచే వంతెన అభ్యాసానికి అగ్రస్థానం ఉండేది. 2007లో ఆయన మరణించేనాటికి ఆయన పట్టు ప్రపంచంలోని ప్రతి రింగులోనూ ప్రయోగంలో ఉన్నది.

గోచ్ శిష్యపరంపర ఈ పట్టును వారసత్వంగా స్వీకరించి ఊరుకోలేదు, చేతుల స్థానాన్ని మార్చి కొత్త పట్లను సృష్టించింది. నడుముకు బదులుగా ప్రత్యర్థి రెండు చంకల కింది నుంచి చేతులు పోనిచ్చి అతని మెడ వెనుక వేళ్లు బిగిస్తే అది ఫుల్ నెల్సన్ అనే పట్టు. ఆ పట్టుతోనే వెనక్కు పడవేయడం డ్రాగన్ సుప్లెక్స్. తత్సుమి ఫుజినామి 1978 జనవరిలో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో దీనిని ప్రయోగించి జూనియర్ హెవీవెయిట్ పట్టాన్ని గెలిచాడు. ప్రత్యర్థి రెండు మోచేతులనూ వెనక్కు విరిచి పట్టి పడవేస్తే అది టైగర్ సుప్లెక్స్. 1981లో పులి ముసుగుతో టైగర్ మాస్క్‌గా రంగప్రవేశం చేసిన సతోరు సయామా పేరుతో అది ప్రసిద్ధమైనది. ఒక చేతిని మాత్రమే మెడ వెనుకకు బంధించి పడవేస్తే అది హాఫ్ నెల్సన్ సుప్లెక్స్. కెంటా కొబాషి దానిని భయంకరమైన వేగంతో ప్రయోగించేవాడు.

ఈ మూడు పట్లూ చూడడానికి జర్మన్ సుప్లెక్స్‌కు తోబుట్టువులే, కానీ పడేవాడి దృష్టితో చూస్తే వాటి మధ్య పెద్ద అంతరం ఉన్నది. నడుంపట్టులో అతని చేతులు స్వేచ్ఛగా ఉంటాయి, కాబట్టి నేలను చరచి దెబ్బను పంచుకోగలడు, గడ్డాన్ని రొమ్ముకు ఆనించుకోగలడు. చేతులు బంధితమైనప్పుడు ఆ రక్షణలన్నీ అతని అధీనంలో ఉండవు. వంపు ఎంత ఉండాలి, పట్టును ఏ క్షణంలో సడలించాలి, శరీరాన్ని భుజాల మీదికి ఎలా దించాలి అన్న నిర్ణయాలన్నీ పడవేసేవాడి చేతిలోకి వెళ్లిపోతాయి. పట్టు ఎంత కఠినమైతే పడవేసేవాడి బాధ్యత అంత పెరుగుతుందన్న సూత్రం ఇక్కడ స్పష్టమవుతున్నది.

మూడవ శాఖ రొమ్ముకు రొమ్ము ఆనించి పట్టే కౌగిలి. ఎదురుగా కౌగిలించి పక్కకు తిప్పి పడవేయడం బెల్లీ టు బెల్లీ సుప్లెక్స్. 1980 దశకంలో అమెరికాలో మాగ్నమ్ టీఏ దీనితో పోటీలను ముగించేవాడు. ప్రత్యర్థి చంక కింద తల దూర్చి, ఎదురుగా నడుమును చుట్టి, వంతెన వంగి చిత్తు చేసే నార్తర్న్ లైట్స్ సుప్లెక్స్‌ను సృష్టించినవాడు హిరోషి హసే. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో గ్రీకో రోమన్ కుస్తీ పట్టిన హసే, తరవాతి కాలంలో జపాన్ విద్యాశాఖ మంత్రి అయ్యాడు. ఆ పట్టులో ప్రత్యర్థి రెండు చేతులూ విడిగా ఉండి, వీపు పైభాగం మెత్తగా నేలను తాకుతుంది కాబట్టి, అందంతో పాటు భద్రత కూడా ఉన్న సృష్టిగా దానిని చెప్పుకోవచ్చు.

పక్క నుంచి గానీ వెనుక నుంచి గానీ నడుము పట్టి, వంతెన వంగకుండా తాను కూడా వెనక్కు పడుతూ ప్రత్యర్థిని పడవేసే బ్యాక్‌డ్రాప్ మరొక ముఖ్యమైన పట్టు. అమెరికన్ విజేత లూ థెజ్ 1957లో జపాన్ వెళ్లి అక్కడి రెజ్లర్ రికిడోజాన్‌తో తలపడినప్పటి నుంచి ఆ పట్టు జపాన్ ప్రేక్షకుల అభిమానం పొందింది; 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పాల్గొన్న జంబో త్సురుతా ఆ తరవాత దానిని తన ఆయుధంగా చేసుకున్నాడు. ప్రత్యర్థిని ఎత్తి తన భుజాల ఎత్తు నుంచి వీపు మీద పడవేసే పవర్‌బాంబ్‌కు ఆద్యుడిగా కూడా థెజ్‌నే పేర్కొంటారు.

సృజన ఇలా సాగుతున్నకొద్దీ ఒక ప్రమాదం కూడా దానితోపాటే పెరుగుతూ వచ్చింది. నిన్న ఆశ్చర్యపరచిన పట్టు ఈనాడు మామూలైపోతుంది. అదే పట్టును మరింత నిటారుగా, మరింత ఎత్తు నుంచి, భుజాలకు బదులు మెడ మీద పడేటట్లు ప్రయోగించాలన్న ఒత్తిడి పుడుతుంది. 1990 దశకంలో ఆల్ జపాన్ ప్రో రెజ్లింగ్ సంస్థలో మిత్సుహారు మిసావా, కెంటా కొబాషి, తోషియాకి కవాడా వంటి మహాయోధుల మధ్య జరిగిన పోటీలు కళాదృష్టితో అత్యున్నతమైనవిగా పేరు పొందాయి, కానీ వాటిలో తల మీద, మెడ మీద పడే పట్లు ఏటేటా ఎక్కువయ్యాయి. 2009 జూన్ 13న హిరోషిమాలో జరిగిన ఒక జంటల పోటీలో బ్యాక్‌డ్రాప్ తిన్న మిసావా మళ్లీ లేవలేదు. మెడలోని వెన్నుపాముకు తగిలిన గాయంతో ఆ రాత్రే మరణించాడు. అప్పటికి ఆయన వయసు 46 సంవత్సరాలు. ఆయన ప్రాణం తీసినది అరుదైన భయంకరమైన పట్టు కాదు, ఆయన తన జీవితంలో అసంఖ్యాకంగా తిన్న మామూలు పట్టు. ఏళ్ల తరబడి పేరుకున్న దెబ్బలకు లోనైన మెడ మీద మామూలు పట్టు కూడా ప్రాణాంతకం కాగలదన్న కఠోరసత్యం ఆనాడు రెజ్లింగ్ లోకానికి తెలిసివచ్చింది.

అమెరికాలో కూడా ఇటువంటి దుర్ఘటనలు లేకపోలేదు. ప్రత్యర్థిని తలకిందులుగా పట్టుకుని, అతని తలను తన తొడల మధ్య దాచి కిందికి కూర్చుండే పట్టును పైల్‌డ్రైవర్ అంటారు. అందులో ప్రత్యర్థి తల నేలకు కొన్ని అంగుళాల పైనే నిలిచిపోవాలి. 1997 ఆగస్టు 3న సమ్మర్‌స్లామ్ పోటీలో ఆ అంతరం లోపించినందువల్ల స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్ మెడకు తీవ్రమైన గాయమై, కొంతసేపు కాళ్లూ చేతులూ ఆడలేదు. 2003లో ఆయన నిత్య పోటీల నుంచి విరమించడానికి ఆ గాయం ఒక ముఖ్యకారణం. 1999 అక్టోబరులో పవర్‌బాంబ్ ప్రయోగంలో జరిగిన ప్రమాదంలో డారెన్ డ్రాజ్‌డవ్ మెడ విరిగి, 2023లో మరణించేవరకూ చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. ఎదుటివాడికి హాని చేయాలన్న ఉద్దేశం ఈ సంఘటనలలో ఎవరికీ లేదు. పట్టు సడలిన ఒక్క క్షణం, అంచనా తప్పిన రెండు అంగుళాలు ఒక జీవితాన్ని తలకిందులు చేయడానికి సరిపోయాయి. ఆ తరవాత డబ్ల్యూడబ్ల్యూఈ సంస్థ కొద్దిమంది అనుభవజ్ఞులకు తప్ప మిగిలినవారికి పైల్‌డ్రైవర్‌ను నిషేధించింది. ఆ నిర్ణయం కళను కుదించినదని కొందరు బాధపడినా, పనివాడి మెడకంటే విలువైన పట్టు ఏదీ లేదన్న వివేకమే అందులో కనిపిస్తుంది.

ప్రమాదాన్ని పెంచకుండానే ప్రభావాన్ని పెంచే మార్గం ఉన్నదని 2014 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన సమ్మర్‌స్లామ్ నిరూపించింది. 2000లో అమెరికా విశ్వవిద్యాలయాల కుస్తీలో హెవీవెయిట్ విజేతగా నిలిచిన బ్రాక్ లెస్నర్, ఆ రాత్రి జాన్ సీనాను 16 సార్లు జర్మన్ సుప్లెక్స్‌తో పడవేశాడు. అందులో కొత్త పట్టు ఏదీ లేదు, మెడ మీద పడవేసే సాహసమూ లేదు. ఒకే పట్టు మళ్లీ మళ్లీ పడుతూ ఉంటే, అజేయుడనుకున్న నాయకుడు క్రమంగా నిస్సహాయుడవుతున్న కథ ప్రేక్షకుడికి దానంతట అదే అర్థమైంది. పట్టుకు అర్థం కథలో దాని స్థానం వల్ల వస్తుందే తప్ప, అది కలిగించే గాయం వల్ల రాదు.

భారతీయ కుస్తీకి ఈ విషయాలు కొత్తవి కావు. పడవేసే పట్టుకు మన గోదాలలో వాడుకలో ఉన్న గొప్ప ఉదాహరణ ధోబీ పాట్. ప్రత్యర్థి చేతిని భుజం మీదికి లాగి, నడుమును వంచి, అతనిని వీపు మీదుగా ముందుకు తెచ్చి పడవేయడం దాని పద్ధతి. పసుపు, నూనె వంటివి కలిపి, తవ్వి మెత్తబరచిన మట్టి మీద ఆ పట్టు పడుతుంది. పడేవాడిని కాపాడే బాధ్యతలో కొంత ఆ మట్టే తీసుకుంటుంది. అటువంటి మట్టిలో ఎదిగిన దారాసింగ్ ప్రొఫెషనల్ రింగులోకి వెళ్లి, 1968లో బొంబాయిలో లూ థెజ్‌తో తలపడి గెలిచాడు. తెలుగునాట ఈ క్రీడకు ఉన్న ఆదరణ 2023 సెప్టెంబరు 8న హైదరాబాదులోని గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ ప్రదర్శన జరిగినప్పుడు కళ్లకు కట్టింది. టీవీలో చూస్తూ పెరిగిన జాన్ సీనాను తెలుగు ప్రేక్షకులు ఆనాడు తమ నగరంలోనే చూశారు.

ఆ ఆదరణలోనే ఒక హెచ్చరిక కూడా అవసరం. టీవీలో చూసిన పట్లను ఇంట్లో మంచాల మీద, బడి మైదానాలలో తోటిపిల్లల మీద ప్రయోగించాలన్న కోరిక పిల్లలకు సహజంగా కలుగుతుంది. ప్రదర్శన సంస్థలే ఇంటివద్ద వీటిని ప్రయత్నించవద్దని ప్రకటనలు చేస్తాయి. నెలల తరబడి పడడం మాత్రమే నేర్చుకున్నవారు, మెడను, వెన్నును ఏళ్లపాటు బలపరచుకున్నవారు కూడా గాయపడుతున్న విద్య ఇది. ఆసక్తి ఉన్న పిల్లవాడిని తల్లిదండ్రులు మందలించి ఊరుకోకుండా, వస్తాదు ఉన్న తాలీంఖానాకో, జూడో శిక్షణ కేంద్రానికో, కుస్తీ కోచ్ వద్దకో పంపితే, అతడు ముందుగా పడడం నేర్చుకుంటాడు. అది నేర్చుకున్నవాడికి ఎదుటివాడు ఎలా పడుతున్నాడో చూసుకునే అలవాటు కూడా వస్తుంది.

సుప్లెక్స్ కుటుంబ చరిత్ర మొత్తాన్ని పరిశీలిస్తే ఒక నిర్ణయానికి రాక తప్పదు. ఒలింపిక్ కుస్తీలో పడవేసే పట్టు ప్రత్యర్థి ప్రతిఘటనను జయించి సాధించేది. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో అదే పట్టు ఎదుటివాడి నమ్మకాన్ని స్వీకరించి నెరవేర్చేది. గాలిలోకి లేచిన మరుక్షణం నుంచి నేలను తాకేదాకా పడేవాడి ప్రాణం ఎత్తినవాడి చేతులలో ఉంటుంది, ఆ స్థితికి తనను తాను అప్పగించుకోవడం పిరికివాడు చేయగల పని కాదు. అందువల్ల ఎంత ఎత్తుకు లేపాడు, ఎంత బలంగా పడవేశాడు అన్న కొలతలతో ఏ రెజ్లర్ గొప్పతనాన్నీ నిర్ణయించడం సరికాదు. వేల పోటీలలో వందల మందిని పడవేసి, వారందరూ తమ కాళ్ల మీద తాము నడిచి ఇంటికి వెళ్లేటట్లు చూసినవాడే ఈ విద్యలో నిజమైన ఉత్తముడు. రెజ్లింగ్ చూసే ప్రేక్షకులు ఈ కొలతతో చూడడం, ఎదుటివాడిని భద్రంగా దించిన చేతులకు చప్పట్లు కొట్టడం మొదలుపెడితే, పట్లను మరింత ప్రమాదకరంగా మార్చాలన్న ఒత్తిడి తగ్గుతుంది, ఈ విద్య మరికొన్ని తరాలు క్షేమంగా వర్ధిల్లుతుంది.